పొరపాటున ప్రపంచం ముగిసిపోయేదే: తరచుగా అడిగే ప్రశ్నలు

నేవీ డే విన్యాసాలు చూశాక, ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్లొచ్చాక, పొరపాటున ప్రపంచం అంతమయ్యే దాకా వెళ్లిన సంఘటనల గురించి మన విశాఖ విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, టీచర్లు అడిగే ప్రశ్నలు ఇవి. కొన్నింటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది. కొన్నింటికి యంత్రం లోపలిదాకా వెళ్లాలి, అక్కడ ఓపిగ్గా చదవండి.

ఏ సంఘటనల్ని ఈ కోవలో లెక్కేస్తారు?

మూడు షరతులు పెట్టుకున్నాం. ఎవరికీ ప్రపంచాన్ని అంతం చేసే ఉద్దేశం ఉండకూడదు. ఎవరో ఒక మనిషి తీసుకున్న నిర్ణయం మీద ఫలితం ఆధారపడి ఉండాలి. తప్పు జరిగితే నష్టం ఒక ఊరితోనో ఒక దేశంతోనో ఆగకుండా అందరినీ చుట్టేసే అవకాశం ఉండాలి. గ్రహశకలాలు, అగ్నిపర్వతాలు ఇందులోకి రావు. హిరోషిమా కూడా రాదు, అది తెలిసి చేసిన పని.

అణుయుద్ధం వస్తే నిజంగా మనుషులంతా పోతారా?

ఒక్కరూ మిగలరని చెప్పే ఆధారం లేదు. కానీ బాంబు పడిన చోట చచ్చిపోయేవాళ్లతో లెక్క ఆగదు. నగరాలు కాలితే వచ్చే మసి వానలకు అందని ఎత్తుకు, స్ట్రాటోస్ఫియర్‌లోకి చేరితే ఏళ్ల తరబడి అక్కడే ఉండి ఎండను అడ్డుకుంటుంది. వరి, గోధుమ, మొక్కజొన్న దిగుబడులు పడిపోతాయి. అమెరికా, రష్యాల మధ్య పూర్తిస్థాయి అణుయుద్ధం జరిగితే 500 కోట్లకు పైగా జనం ఆకలితో చనిపోవచ్చని, భారత్, పాకిస్తాన్‌ల మధ్య జరిగితే 200 కోట్లకు పైగా పోవచ్చని 2022లో 'నేచర్ ఫుడ్' పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఎంత మసి పైకి చేరుతుందన్న దాని మీద శాస్త్రజ్ఞుల్లో వాదన ఉంది. ఆ వాదనలో చిన్న అంకె తీసుకున్నా మనం భరించగలిగింది కాదు.

ఆర్కే బీచ్‌లో ఉన్న కురుసురకీ 1962 క్యూబా సంక్షోభానికీ సంబంధం ఏమిటి?

క్యూబాలో సోవియట్ అణు క్షిపణులు పెట్టినందుకు అమెరికా, సోవియట్ యూనియన్ యుద్ధం అంచుకు వెళ్లిన రోజులవి. అప్పుడు అక్కడున్న ఒక జలాంతర్గామి, మన కురుసుర ఒకే జాతి పడవలు. 1962 అక్టోబర్ 27న అణు టార్పెడో వదిలే దాకా వెళ్లిన సోవియట్ జలాంతర్గామి బీ-59, మన కురుసుర రెండూ ఫాక్స్‌ట్రాట్ తరగతివే. కురుసుర 1969 డిసెంబర్ 18న మన నౌకాదళంలో చేరింది, 2001 ఫిబ్రవరి 27న విశ్రాంతి తీసుకుంది. బీ-59లో ఆ రోజు ఏం జరిగిందో అర్థం కావాలంటే కురుసుర లోపల ఒక్కసారి నడిస్తే చాలు.

పొడవు 91 మీటర్లు, ఏడు కంపార్ట్‌మెంట్లు. ఒక దాన్నుంచి ఇంకో దానికి గుండ్రటి ద్వారం గుండా నడుం వంచి దూరాలి. ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు, ఒక్కొక్కటి 533 మిల్లీమీటర్ల వ్యాసం. దాదాపు 75 మంది ఇందులో వారాల తరబడి ఉండాలి. పైకి తేలినప్పుడో, స్నార్కెల్ గొట్టం బయటికి పెట్టినప్పుడో డీజిల్ ఇంజన్లు తిరిగి బ్యాటరీలు చార్జ్ అవుతాయి. నీటి లోపల ఉన్నంతసేపూ ఆ బ్యాటరీలే దిక్కు. అవి అయిపోతే ఫ్యాన్లు ఆగిపోతాయి, గాలి చెడిపోతుంది, చివరికి పైకి రాక తప్పదు.

బీ-59ని చల్లటి ఉత్తర సముద్రాల కోసం కట్టారు. దాన్ని తీసుకొచ్చి వెచ్చటి సర్గాసో సముద్రంలో నిలబెట్టారు. కొన్ని కంపార్ట్‌మెంట్లలో వేడి 45 డిగ్రీలు దాటింది, కార్బన్ డయాక్సైడ్ పెరిగింది, మనుషులు స్పృహ తప్పారు. పైన అమెరికన్ డిస్ట్రాయర్ యుద్ధనౌకలు చుట్టుముట్టి, పైకి రమ్మని చెప్పడానికి చిన్న శిక్షణ బాంబులు వదులుతున్నాయి. వాటికి పడవను ముంచే శక్తి లేదు. ఆ సంకేతాల పద్ధతిని అమెరికా మాస్కోకి ముందే తెలియజేసింది కూడా. ఆ కబురు బీ-59కి చేరలేదు. లోపల ఉన్నవాళ్లకు వినిపించింది పడవ గోడ మీద పేలుళ్ల మోత మాత్రమే. యుద్ధం మొదలైందో లేదో తెలుసుకునే దారి లేదు, ఎందుకంటే రేడియో అందాలంటే ఏరియల్ నీటిపైకి రావాలి.

పడవలో 22 టార్పెడోలు, వాటిలో ఒకటి అణు టార్పెడో. దాని శక్తి సుమారు 10 కిలోటన్నులు, అంటే 10 వేల టన్నుల టీఎన్‌టీ పేలుడుకు సమానం.

ఆర్ఖిపోవ్ ఒక్కడే ప్రపంచాన్ని కాపాడాడా?

కెప్టెన్ వాలెంతిన్ సవిత్‌స్కీ అణు టార్పెడో సిద్ధం చెయ్యమన్నాడు. అదే పడవలో ఉన్న బ్రిగేడ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ వసీలీ ఆర్ఖిపోవ్ అతన్ని ఆపాడు. ఇంతవరకూ గట్టి విషయమే. ముగ్గురు అధికారులు నీటి అడుగున ఓటు వేసుకున్నారనీ అందులో ఆర్ఖిపోవ్ ఒక్కడే వద్దన్నాడనీ చెప్పే కథ మాత్రం ఒక కథనం మీదే ఆధారపడింది. ఇంకో కథనం ప్రకారం అప్పటికే పడవ పైకి తేలింది. నెత్తిమీద విమానాలు ఫ్లేర్లు వేస్తూ, పడవ చుట్టూ కాల్పులు జరుపుతూ పోతుంటే దాడి జరుగుతోందనుకున్న కెప్టెన్ వెంటనే మునగమన్నాడు. సిగ్నల్ మనిషి తన దీపంతో సహా హాచ్‌లో, అంటే పడవలోకి దిగే ద్వారంలో, ఇరుక్కున్నాడు. ఆ కొద్ది క్షణాల ఆలస్యంలో ఆర్ఖిపోవ్‌కి అమెరికన్ ఓడ పంపుతున్న దీపపు సంకేతం కనిపించింది. అది దాడి కాదని అతనికి తెలిసింది.

మాకు రెండో కథనమే ఎక్కువ నేర్పుతుందనిపిస్తుంది. అందులో ధైర్యంతో పాటు ఒక హాచ్ ఇరుకు, కొద్ది క్షణాల సమయం, వేరే దారిలో వచ్చిన ఒక కబురు ఉన్నాయి. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అదే రోజుల్లో అటువైపు వెళ్లిన జలాంతర్గాములు నాలుగు, నాలుగింటిలోనూ ఒక్కో అణు టార్పెడో ఉంది. ఆర్ఖిపోవ్ ఉన్నది ఒక్కదాంట్లోనే.

1983లో పెట్రోవ్ ఏం చేశాడు? కంప్యూటర్ ఎందుకు తప్పు చెప్పింది?

1983 సెప్టెంబర్ 26, మాస్కో కాలమానంలో అర్ధరాత్రి దాటిన కాసేపటికి, సెర్పుఖోవ్-15 అనే సోవియట్ క్షిపణి హెచ్చరిక కేంద్రంలో లెఫ్టినెంట్ కల్నల్ స్తానిస్లావ్ పెట్రోవ్ డ్యూటీలో ఉన్నాడు. అమెరికా నుంచి ఒక క్షిపణి లేచిందని తెర చెప్పింది. ఆ తర్వాత మరో నాలుగు. అప్పటికి మూడు వారాల క్రితమే సోవియట్ యుద్ధవిమానం దక్షిణ కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చి 269 మంది చనిపోయారు. రెండు దేశాలూ నిప్పుల మీద ఉన్నాయి.

ఉపగ్రహాల కథ చూడండి. క్షిపణుల్ని కనిపెట్టే సోవియట్ 'ఓకో' ఉపగ్రహాలు నేరుగా కిందికి చూడవు. భూమి అంచును పక్కనుంచి చూస్తాయి. అలా అయితే వెనక నల్లటి ఆకాశం ఉంటుంది, రాకెట్ మంట దాని మీద తేలిగ్గా కనబడుతుంది, నేల మీది వెలుగులు అడ్డురావు. ఆలోచన మంచిదే. కానీ విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) దాటిన ఆ రోజుల్లో సూర్యుడు, ఎత్తైన మేఘాలు, ఉపగ్రహం ఒక కోణంలోకి వచ్చాయి. మేఘాల మీద మెరిసిన ఎండ ఇన్‌ఫ్రారెడ్ కంటికి రాకెట్ మంటలా కనిపించింది.

పెట్రోవ్ తప్పుడు అలారం అని పైవాళ్లకు చెప్పాడు. అతని తర్కం ఇది. నిజంగా మొదటి దెబ్బ కొట్టదలిస్తే ఐదు క్షిపణులతో ఎవరూ మొదలుపెట్టరు, వందలు పంపుతారు. వ్యవస్థ కొత్తది, ఇంకా కుదురుకోలేదు. నేల మీది రాడార్లలో ఏమీ లేదు. ఈ మూడోదాంట్లో ఒక తిరకాసు ఉంది. క్షిపణి దిక్చక్రం పైకి వచ్చేదాకా నేల రాడార్ దాన్ని చూడలేదు, దానికి ఇంకొన్ని నిమిషాలు పడుతుంది. అంటే ఆ నిమిషాల్లో అతని దగ్గర ఉన్నది నిర్ధారణ కాదు, అనుమానమే. తర్వాత అతన్ని మెచ్చుకోకపోగా లాగ్ పుస్తకం నింపలేదని తప్పుపట్టారు. 2017లో చనిపోయాడు. ఆ తర్వాత భూస్థిర కక్ష్యలోని, అంటే భూమితో పాటే తిరుగుతూ ఒకే చోట ఉన్నట్టు కనిపించే, ఉపగ్రహంతో సరిపోల్చి చూసేలా వ్యవస్థను మార్చారు.

అమెరికా వైపు ఇలాంటివి జరగలేదా?

జరిగాయి, అవి ఇంకా చిన్న కారణాలతో. 1979 నవంబర్ 9న కొలరాడోలోని ఉత్తర అమెరికా గగనతల రక్షణ కేంద్రం నోరాడ్ తెరల మీద భారీ సోవియట్ దాడి కనిపించింది. యుద్ధ శిక్షణకు తయారుచేసిన డేటా అసలు వ్యవస్థలోకి వెళ్లిపోయింది. యుద్ధవిమానాలు గాల్లోకి లేచాయి. అధ్యక్షుడి అత్యవసర విమానం కూడా లేచింది, అధ్యక్షుడు లేకుండానే. ఉపగ్రహాల నుంచి, రాడార్ల నుంచి నేరుగా వచ్చే ముడి డేటాలో ఏమీ లేకపోవడంతో కొద్ది నిమిషాల్లో తేలిపోయింది. ఆ తర్వాత శిక్షణ, పరీక్షల కోసం వేరే చోట విడి కేంద్రం కట్టారు.

1980 జూన్ 3న జరిగింది సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లంతా చదవాల్సిన కథ. లైన్లు పనిచేస్తున్నాయో లేదో చూడటానికి నోరాడ్ నిరంతరం ఒక పరీక్ష సందేశం పంపుతూ ఉండేది. ఆ సందేశం అచ్చం దాడి సందేశం ఆకారంలోనే ఉండేది, కాకపోతే క్షిపణుల సంఖ్య ఉండాల్సిన చోట సున్నాలు. సమాచారం పంపే పరికరంలో ఒక చిప్ పాడై ఆ సున్నాల మధ్య '2' అంకెలు చొప్పించింది. అవతలి తెరల మీద 2 క్షిపణులు, కాసేపటికి 220 క్షిపణులు. బాంబర్ల సిబ్బంది ఇంజన్లు ఆన్ చేశారు. ఆ చిప్ ధర 46 సెంట్లు. తప్పు చిప్‌ది ఒక్కదానిదే అనుకోవద్దు. పంపిన సందేశం, అందిన సందేశం ఒకటేనా అని సరిచూసే ఏర్పాటు లేదు. పరీక్ష సందేశాన్ని అసలు సందేశంలా తయారుచేసిన నిర్ణయం మనుషులదే. రెండూ ఆ తర్వాతే మార్చారు.

చంద్రుణ్ణి చూసి క్షిపణులనుకున్నారట, ఎలుగుబంటిని చూసి అణు విమానాలు లేపబోయారట. నిజమేనా?

రెండూ నిజమే. 1960 అక్టోబర్ 5న గ్రీన్‌లాండ్‌లోని థూలే రాడార్ నార్వే మీదుగా ఉదయిస్తున్న చంద్రుణ్ణి దాడిగా చెప్పింది. అంత దూరం నుంచి ప్రతిధ్వని తిరిగి వస్తుందని తయారుచేసినవాళ్లు అనుకోలేదు. అప్పుడు కృశ్చేవ్ న్యూయార్క్‌లోనే ఉన్నాడు, తమ నాయకుడు అక్కడుండగా రష్యా కొట్టదన్న ఇంగితమూ పనికొచ్చింది.

ఎలుగుబంటి కథ 1962 అక్టోబర్ 25 రాత్రిది. అమెరికాలోని డులూత్ స్థావరంలో కంచె ఎక్కుతున్న ఆకారాన్ని చూసి కాపలా సైనికుడు కాల్చి, చొరబాటు అలారం నొక్కాడు. చుట్టుపక్కల స్థావరాల్లో అది మోగాలి. వోక్ ఫీల్డ్‌లో వైరింగ్ తప్పుగా ఉంది. ఇంట్లో లైటు స్విచ్ వేస్తే మోటారు తిరిగినట్టు, అక్కడ యుద్ధవిమానాలు లేవాల్సిన అలారం మోగింది. అణు ఆయుధాలున్న విమానాలు రన్‌వే మీదికి వస్తుంటే ఒక అధికారి కారులో దీపాలు వెలిగిస్తూ అడ్డంగా వెళ్లి ఆపాడు.

బాంబులు పొరపాటున జారిపడిన సంఘటనల సంగతి?

1961 జనవరి 24న అమెరికాలోని గోల్డ్స్‌బరో దగ్గర బీ-52 విమానం గాల్లో ముక్కలై, ఒక్కొక్కటి 3.8 మెగాటన్నుల (మెగాటన్ను అంటే వెయ్యి కిలోటన్నులు) బాంబులు రెండు కిందపడ్డాయి. ఒకదానికి పేలుడుకు ముందు జరగాల్సిన దశలు చాలావరకు జరిగిపోయాయి, తక్కువ వోల్టేజీ స్విచ్ ఒకటి 'సేఫ్'లో ఉండబట్టి పేలలేదు. ఘోరమే. కానీ మా షరతుల ప్రకారం అది ప్రాంతీయ విపత్తు అయ్యేది. అప్పుడున్న ఉద్రిక్తతలో ఆ పేలుడును దాడిగా పొరబడితేనే మిగతాది.

మొదటి అణు పరీక్షప్పుడు గాలి మొత్తం అంటుకుంటుందని భయపడ్డారా?

భయపడ్డారు. లెక్క కూడా వేశారు. 1942లో ఎడ్వర్డ్ టెల్లర్ ఆ ప్రశ్న లేవనెత్తాడు. మన గాలిలో ఎక్కువ భాగం నైట్రోజన్. బాంబు వేడికి నైట్రోజన్ కేంద్రకాలు ఒకదాంతో ఒకటి కలిసి శక్తిని విడుదల చేస్తే, ఆ శక్తి పక్కవాటిని కలిపితే, మంట ఆగకుండా భూమిని చుట్టేస్తుందా అన్నది ప్రశ్న. హాన్స్ బేథే లెక్కలో తేలిందేమిటంటే, వేడి వాయువు రేడియేషన్ రూపంలో పోగొట్టుకునే శక్తి, కలయిక వల్ల పుట్టే శక్తి కన్నా ఎప్పుడూ ఎక్కువే. కాబట్టి మంట దానంతటదే ఆరిపోతుంది. 1945 జూలై 16న పరీక్ష జరిగింది. కోనోపిన్‌స్కీ, మార్విన్, టెల్లర్ కలిసి రాసిన వివరమైన నివేదిక మాత్రం 1946లో వచ్చింది, పరీక్ష అయ్యాక ఏడాదికి.

లెక్క సరైనదే. కానీ లెక్క సరైనదని ఎంత గట్టిగా నమ్మొచ్చు? దీనికి జవాబు 1954 మార్చి 1న బికినీ దీవుల్లో దొరికింది. కాజిల్ బ్రావో అనే హైడ్రోజన్ బాంబు 6 మెగాటన్నులు ఇస్తుందనుకున్నారు, 15 ఇచ్చింది. ఇంధనంలోని లిథియంలో దాదాపు 40 శాతం లిథియం-6, మిగతాది లిథియం-7. లిథియం-7 ఊరికే పడి ఉంటుందనుకున్నారు. వేగమైన న్యూట్రాన్లు తగిలి అది కూడా ట్రిటియం, అంటే పేలుడుకు ఇంధనమయ్యే బరువైన హైడ్రోజన్, ఇచ్చింది. దూరంగా చేపలు పడుతున్న జపాన్ పడవలోని 23 మంది మీద బూడిద పడింది, వాళ్లలో ఒకరు ఆ ఏడాదే చనిపోయారు. నోబెల్ స్థాయి మనుషులున్న రంగంలోనే ఒక ఐసోటోప్‌ని (ఒకే మూలకంలోని ఒక రకాన్ని) లెక్కలోంచి వదిలేశారు. నైట్రోజన్ లెక్కలో అలాంటిది జరగకపోవడం మన అదృష్టం. అందులో వాళ్ల జాగ్రత్త పాలు ఎంతన్నది ఆ పరీక్షకు ముందు బయటివాళ్లెవరూ సరిచూడలేదు.

అపోలో 11 క్వారంటైన్ సరిగ్గా జరిగిందా?

లేదు. చంద్రుడి మీద సూక్ష్మజీవులుంటే భూమికి రాకూడదని 21 రోజుల క్వారంటైన్ పెట్టారు, ప్రత్యేక ప్రయోగశాల కట్టారు. కానీ 1969 జూలై 24న క్యాప్సూల్ పసిఫిక్‌లో దిగగానే సముద్రం మీదే తలుపు తెరిచారు. వ్యోమగాములతో సహా క్యాప్సూల్‌ని ఓడ మీదికి ఎత్తితే వాళ్లకు ప్రమాదమని ఆ పద్ధతి మానేశారు. లోపలి గాలీ ధూళీ బయటికొచ్చేశాయి. చంద్రుడి మీద జీవం లేదు కాబట్టి బతికిపోయాం. ముగ్గురి భద్రతను, అందరి భద్రతను తూకం వేసి కళ్లముందున్న ముగ్గుర్ని ఎంచుకున్నారు. ఎవరైనా అదే చేస్తారేమో, అందుకే ఆ నిర్ణయం సముద్రం మీద తీసుకునేది కాకూడదు.

ఓజోన్ కథ ఇందులోకి వస్తుందా?

వస్తుంది, నెమ్మదిగా జరిగిన పొరపాటుగా. ఫ్రిజ్‌లలో, స్ప్రేలలో క్లోరిన్ ఉన్న సీఎఫ్‌సీ వాయువులు వాడారు. అవి ఓజోన్‌ను తింటాయని మొలీనా, రోలండ్ 1974లో చెప్పారు, వాటి వాడకాన్ని తగ్గించడానికి 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. క్లోరిన్ బదులు బ్రోమిన్ సమ్మేళనాలతో ఆ పరిశ్రమ పెరిగి ఉంటే, అణువుకు అణువు అది ఓజోన్‌ను ఎన్నో రెట్లు ఎక్కువ నాశనం చేసేది, తెలిసేలోపే ఆలస్యమయ్యేది. క్లోరిన్‌ని ఎంచుకున్నది ఓజోన్ గురించి ఆలోచించి కాదు.

ప్రయోగశాలల నుంచి వచ్చే ప్రమాదం?

1979 ఏప్రిల్‌లో సోవియట్ నగరం స్వెర్డ్‌లోవ్‌స్క్‌లో సైనిక కేంద్రం నుంచి ఆంత్రాక్స్ గాల్లో కలిసి కనీసం 66 మంది చనిపోయారు. ఆంత్రాక్స్ మనిషి నుంచి మనిషికి అంటుకోదు కాబట్టి అక్కడితో ఆగింది. ఇప్పుడు శాస్త్రజ్ఞులను కలవరపెడుతున్నది 'అద్దపు జీవం', అంటే అణువులన్నీ కుడిఎడమలు తారుమారైన బ్యాక్టీరియా. మన రోగనిరోధక వ్యవస్థ దాన్ని గుర్తుపట్టకపోవచ్చు. అలాంటిది తయారుచెయ్యొద్దని 2024 డిసెంబర్‌లో 38 మంది శాస్త్రజ్ఞులు 'సైన్స్' పత్రికలో కోరారు. వాళ్లలో కొందరు ఆ దిశగా పనిచేసినవాళ్లే.

వెంకటాపురం స్టైరీన్ లీక్ లాంటివి ఈ జాబితాలో ఎందుకు లేవు?

2020 మే 7 తెల్లవారుజామున 12 మంది ప్రాణాలు తీసిన ఆ ఘటన చిన్నదని కాదు. అది ప్రపంచానికి ముప్పు కాదు, అంతే. కానీ తీరు ఒకటే. ట్యాంకులో వేడి పెరుగుతుంటే దాన్ని చెప్పాల్సిన కొలతలు చాలలేదు, చల్లబరిచే ఏర్పాటు రాత్రి నడవలేదు, జనాన్ని లేపాల్సిన సైరన్ మోగలేదు. గాజువాక, పరవాడ, మల్కాపురం వైపు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు పై కథలన్నీ సొంత భాషలోనే అర్థమవుతాయి.

మన దేశం నుంచి క్షిపణి పొరపాటున పాకిస్తాన్‌లో పడింది కదా, అది ఎంత ప్రమాదం?

2022 మార్చి 9న బ్రహ్మోస్ క్షిపణి ఒకటి ఎగిరి పాకిస్తాన్‌లోని మియాఁ చన్నూ దగ్గర పడింది. అందులో వార్‌హెడ్ (పేలే భాగం) లేదు, ఎవరూ చనిపోలేదు. మామూలు మెయింటెనెన్స్‌లో సాంకేతిక లోపమని మార్చి 11న మన రక్షణ శాఖ ప్రకటించింది. విచారణలో ప్రామాణిక పద్ధతులు పాటించలేదని తేలింది. ఆగస్టులో ముగ్గురు అధికారులను ఉద్యోగాల నుంచి తీసేశారు.

ఇందులో భయపెట్టేది సమయం. అమెరికా, రష్యాల మధ్య ఖండాంతర క్షిపణికి సుమారు 30 నిమిషాలు పడుతుంది, పెట్రోవ్‌కి అనుమానించడానికి అందులోంచే వ్యవధి దొరికింది. మన సరిహద్దులో కొన్ని నిమిషాలే. వచ్చే క్షిపణిలో ఏముందో రాడార్ చెప్పదు. బాలిస్టిక్ క్షిపణి పరీక్షలకు ముందే కబురు పెట్టుకోవాలని రెండు దేశాలకూ 2005 నుంచి ఒప్పందం ఉంది, క్రూయిజ్ క్షిపణులు అందులో లేవు. బ్రహ్మోస్ విమానంలా గాల్లో ఎగురుతూ వెళ్లే క్రూయిజ్ క్షిపణి. ఆ ఖాళీని పూడ్చాలని మేం గట్టిగా కోరుకుంటున్నాం.

ముందే కబురు పెడితే సరిపోతుందా?

కబురు రాడార్ ముందు కూర్చున్న మనిషి దాకా చేరాలి. 1995 జనవరి 25న నార్వేలోని అండోయా నుంచి ధ్రువకాంతిని పరిశీలించడానికి బ్లాక్ బ్రాంట్ రాకెట్ వదిలారు. రష్యాకు ముందే తెలియజేశారు. ఆ కాగితం రాడార్ సిబ్బందికి అందలేదు. జలాంతర్గామి నుంచి వచ్చిన క్షిపణి అనుకుని అధ్యక్షుడు యెల్త్‌సిన్ ముందు 'చెగెత్' అణు బ్రీఫ్‌కేస్ తెరిచారు. రాకెట్ సముద్రంలో పడేదాకా ఊపిరి బిగబట్టారు.

విశాఖలో అణు జలాంతర్గాములు ఉండటం వల్ల మనకు ఇలాంటి ముప్పుందా?

అరిహంత్‌ను ఇక్కడే కట్టారు, అరిఘాత్ 2024 ఆగస్టు 29న ఇక్కడే నౌకాదళంలో చేరింది. అణ్వాయుధం వాడాలంటే ప్రధాని నేతృత్వంలోని రాజకీయ మండలి ఆదేశం కావాలి, మొదట మనం వాడమన్నది 2003లో ప్రకటించిన విధానం. ఇవి రెండూ తొందరపాటును తగ్గించేవే. సముద్రంలో దాగి ఉన్న ఆయుధాన్ని శత్రువు ఒక్క దెబ్బతో నాశనం చెయ్యలేడు, కాబట్టి అలారం రాగానే వెంటనే తిరిగి కొట్టాల్సిన ఒత్తిడి తగ్గుతుంది. మరోవైపు, నేల మీద లాగా వార్‌హెడ్‌ను ఒకచోట, క్షిపణిని ఇంకోచోట పెట్టే వీలు పడవలో తక్కువ. నీటి అడుగుకు కబురు చేరడమూ కష్టమే. కాబట్టి అడగాల్సిన ప్రశ్న, పడవతో సంబంధాలు తెగినప్పుడు లోపలివాళ్లకు ఏం చెప్పి పంపారన్నది.

ఇలాంటి నిర్ణయాలు ఏఐకి అప్పగిస్తే మనుషుల తప్పులు తగ్గవా?

1983లో యంత్రం అత్యంత నమ్మకంగా దాడి అని చెప్పింది. నమ్మనిది మనిషి. తానెప్పుడూ చూడని మేఘాన్ని యంత్రం తనకు తెలిసినదాంతోనే పోలుస్తుంది. అణ్వాయుధాల వాడకం నిర్ణయం మనుషుల చేతిలోనే ఉండాలని 2024 నవంబర్‌లో బైడెన్, షీ జిన్‌పింగ్ ఒప్పుకున్నారు. అది మాటే, తనిఖీ ఏర్పాటు లేదు.

వాట్సాప్‌లో వచ్చే ఇలాంటి కథల్లో ఏది నమ్మాలి?

తేదీ, చోటు, పాడైన వస్తువు, ఆ తర్వాత మార్చిన పద్ధతి, ఈ నాలుగూ ఉన్నాయేమో చూడండి. నాలుగోది లేని కథను ఇంకొంచెం అనుమానంగా చూడండి, ఎందుకంటే నిజంగా అంత దాకా వెళ్లిన వ్యవస్థను చాలాసార్లు మార్చారు. పెట్రోవ్ 'బటన్ నొక్కలేదు' అని రాస్తే అది తప్పు. అతని దగ్గర బటన్ లేదు, పైకి రిపోర్టు చేసే ఫోన్ ఉంది.